అత్తమ్మకు కంటి ఆపరేషన్, బాబుకు సంక్రాంతి సెలవులు, తీసిపెట్టిన హైదరాబాద్ టికెట్లు. ఏది ఆపాలి?

వేదాయపాళెం_కోడలు
కాస్త ఓపిగ్గా చదవండి, సంగతి పొడుగ్గానే ఉంది.

మేం ఉండేది నెల్లూరులో. నేనొక ప్రైవేటు ఆఫీసులో అకౌంట్స్ చూస్తాను. ఆయనది కృష్ణపట్నం వైపు షిఫ్టు డ్యూటీ, వారం వారం టైం మారిపోతుంది. బాబుకు అయిదేళ్లు నిండాయి, యూకేజీ. మధ్యాహ్నం వ్యాను దిగిన దగ్గర్నుంచి రాత్రి నేను ఇల్లు చేరేదాకా వాడు అత్తమ్మ దగ్గరే ఉంటాడు.

అత్తమ్మకు రెండు కళ్లలో శుక్లాలు. కుడి కన్ను బాగా ముదిరిందన్నారు. జనవరి 8కి ఆపరేషన్ డేట్ ఇచ్చారు, అదీ షుగర్ తగ్గితేనే. పోయిన వారం తిన్న తర్వాత 260 ఉంది. బాబుకు 10 నుంచి సెలవులు. ఆ 10 రాత్రికే నలుగురం హైదరాబాద్ ప్రయాణం. సింహపురి ఎక్స్‌ప్రెస్‌లో పోయే టికెట్లు కన్ఫర్మ్, తిరిగి 13న వచ్చేవి ఇంకా వెయిటింగ్ లిస్టు. ఆడబిడ్డ ఇంట్లో దిగి బాబుకు జూ చూపించాలని ప్లాన్. తెల్లపులి, తెల్లపులి అని వాడు అందరికీ చెప్పుకుని తిరుగుతున్నాడు.

ఇది చాలదన్నట్టు చలి మొదలైతే బాబుకు పిల్లికూతలు. మొన్న ముసురు పట్టినప్పుడు రాత్రిళ్లు కూర్చోబెట్టి నెబ్యులైజర్ పెట్టాల్సి వచ్చింది. జనవరిలో హైదరాబాద్ చలి వాడికి పడుతుందా అని ఒక భయం. ఆఫీసులో అడగడానికి లీవులు లేవు. జీఎస్టీ రిటర్నులు 11 లోపు జీఎస్టీఆర్-1, 20 లోపు 3బి వేయాలి. నెల మొదట్లో లీవంటే మా సారు కళ్లజోడు తీసి తుడుచుకుంటూ ఉంటారు, జవాబు చెప్పరు.

ఆపరేషన్ పండగ తర్వాతకు జరపాలా? టికెట్లు రద్దు చేయాలా? ఆయన్ను అడిగితే "నీ ఇష్టం" అన్నారు.

కావలి_కుర్రోడు
మా ఇంట్లో ఆ "నీ ఇష్టం" అనేది నేనే. దానికి అర్థం "తర్వాత ఏమైనా తేడా వస్తే నన్ననొద్దు" అని.

పెన్నా_ఒడ్డు
శుక్లాల ఆపరేషన్ ఈ రోజుల్లో పావుగంట పనండీ. మా అమ్మకు నెల్లూరు పొగతోటలోని ఆసుపత్రిలో పొద్దున చేయిస్తే మధ్యాహ్నానికి ఇంట్లో పెరుగన్నం తింటోంది. దీనికి ఇంత టెన్షన్ దేనికి? 8న చేయించి 10న అందరూ రైలెక్కండి.

కంటివార్డు_సిస్టర్
పెన్నా_ఒడ్డు గారూ, అలాంటి సలహాలు ఇవ్వకండి. పావుగంట అనేది డాక్టరుకు. ఇంట్లో వాళ్లకు నెలా నెలన్నర పని.

నేను చేసేది ఈ వార్డులోనే. మామూలుగా ఎలా ఉంటుందో చెప్తాను, చివరికి మీ డాక్టర్ చెప్పిందే ఖాయం. మర్నాడు కట్టు విప్పి చూస్తారు, వారానికి మళ్లీ రమ్మంటారు. రెండు మూడు రకాల చుక్కల మందులు రాస్తారు. ఒక మందు వేశాక రెండోది వేయడానికి అయిదు నిమిషాలు ఆగాలి, లేకపోతే రెండోది మొదటిదాన్ని కడిగేస్తుంది. మొదట్లో రోజుకు చాలాసార్లు, తర్వాత తగ్గిస్తూ పోతారు. కంట్లో నీళ్లు పడకూడదు, అందుకని కొన్నాళ్లు తలస్నానం ఉండదు, ముఖం తడిగుడ్డతో తుడుచుకోవడమే. వంగి బరువులు ఎత్తకూడదు. రాత్రి పడుకునేటప్పుడు కంటిమీద ప్లాస్టిక్ మూత పెట్టుకోవాలి, నిద్రలో నలుపుకోకుండా. తాలింపు ఘాటుకూ పొయ్యి పొగకూ దూరంగా ఉంటే మంచిది.

అన్నిటికంటే ముఖ్యం, పక్కలో పిల్లాడు పడుకోకూడదు. నిద్రలో ఒక్క మోచేయి తగిలితే చాలు. నొప్పి ఎక్కువైనా, కన్ను ఎర్రబడినా, చూపు తగ్గినట్టనిపించినా ఆ రోజే ఆసుపత్రికి వెళ్లాలి. రైల్లో ఉంటే ఎవరి దగ్గరికి వెళ్తారు?

పెన్నా_ఒడ్డు
సరే సిస్టర్, ఒప్పుకున్నా. మా అమ్మకు చుక్కలు వేసింది మా చెల్లెలు. నేను పెరుగన్నం వరకే చూశా.

కావలి_కుర్రోడు
చూశారా, అక్కడ కూడా "నీ ఇష్టం" బ్యాచే.

పొదిలి_పెద్దాయన
మా రోజుల్లో సెలవులంటే ఈ జూలూ గీలూ ఎక్కడివమ్మా. పరీక్ష రాసిన సాయంత్రం బస్సెక్కించి అమ్మమ్మ ఊరికి పంపేవాళ్లు, బడి తెరిచే ముందు రోజు తెచ్చుకునేవాళ్లు. పిల్లాణ్ణి మీ పుట్టింటికి పంపించు, ఆపరేషన్ నిదానంగా చేయించు, అంతే. ఇప్పటివాళ్లకు ప్రతిదీ సమస్యే.

వేదాయపాళెం_కోడలు
పెద్దాయన గారూ, మా పుట్టిల్లు దర్శి దగ్గర పల్లె. నాన్నకు స్టెంట్ వేశారు, ఇంకా ఏడాది కాలేదు. అమ్మ మాత్రలు పెట్టెలో సర్ది టైంకు ఇవ్వకపోతే వేసుకోరు, దాచిపెట్టి బీడీ కాలుస్తారు. అమ్మకు ఇప్పటికే ఒక పిల్లాడున్నాడు, ఇంకొకణ్ణి పంపలేను.

పైగా ఊళ్లో భోగి మంటకు పాత టైర్లు కూడా వేస్తారు. ఆ పొగకు మావాడు తట్టుకోలేడు.

మార్కాపురం_పలక
"దాచిపెట్టి బీడీ" చదివి మా నాన్న గుర్తొచ్చారు. స్టెంట్ వేసిన డాక్టరు గారు "మానేశారా" అంటే "మానేశానండీ" అంటారు, జేబులో అగ్గిపెట్టె చప్పుడవుతూ ఉంటుంది.

టీచరమ్మ_ఆత్మకూరు
ఇలాంటప్పుడే చైల్డ్ కేర్ లీవు పెట్టుకోవాలి. మాకు సర్వీసు మొత్తంలో 180 రోజులుంటుంది, విడతలుగా వాడుకోవచ్చు. మా పాపకు టైఫాయిడ్ వచ్చినప్పుడు అదే ఆదుకుంది.

స్టోన్‌హౌస్‌పేట_శిరీష
టీచరమ్మ గారూ, అది గవర్నమెంటు వాళ్లకు కదండీ. మాకు లీవు అడిగితే "ఇంట్లో ఎవరూ లేరా" అని ఎదురు ప్రశ్న. ఉన్న ఒక్కరికే కదా ఆపరేషన్!

మా పెద్దవాడిది మిషనరీ స్కూలు, చిన్నదిది మామూలు ప్రైవేటు స్కూలు. వాడికి క్రిస్మస్‌కు సెలవులెక్కువ, సంక్రాంతికి తక్కువ. దీనికి సంక్రాంతికే మొత్తం సెలవులు. అంటే డిసెంబరు మూడో వారం నుంచి జనవరి మూడో వారం దాకా ఎవరో ఒకరు ఇంట్లో ఉంటారు, ఇద్దరూ కలిసి మాత్రం ఉండరు. ట్రిప్ అనే మాటే మానేశాం.

టీచరమ్మ_ఆత్మకూరు
నిజమే, ప్రైవేటు అని మొదటి లైన్లోనే రాశారు, నేను చూసుకోలేదు. కానీ ఒకటి అడుగుతాను. ఆయన షిఫ్టు అన్నారు కదా. ఆ వారం నైట్ షిఫ్టు వేయించుకుంటే పగలంతా ఇంట్లోనే కదా?

షిఫ్టు_సుబ్బు
మేడమ్, నైట్ షిఫ్టు చేసినవాడు పగలు నిద్రపోతాడు. అయిదేళ్ల పిల్లాడు, నిద్రపోయే తండ్రి, తలుపు గొళ్లెం. ఊహించుకోండి. ఒకసారి నేను లేచేసరికి మావాడు టీవీ రిమోట్‌ను బియ్యం డబ్బాలో నాటాడు. మొలకెత్తుతుందని నీళ్లు కూడా పోశాడు.

బి షిఫ్టు అయితే మేలు. మధ్యాహ్నం దాకా ఇంట్లో ఉండొచ్చు.

రైలు_పిచ్చి_గూడూరు
సింహపురి మా ఊళ్లోనే బయల్దేరుతుంది కాబట్టి నాకు మాట్లాడే హక్కుంది.

మీ ప్లాన్లో తిరకాసు పోయేటప్పుడు కాదు, వచ్చేటప్పుడు. భోగి ముందు హైదరాబాద్ మొత్తం ఇటు వస్తుంటుంది. 13 రాత్రి మీరూ ఆ జనంతోనే రావాలి. మొత్తం టికెట్ వెయిటింగ్‌లోనే ఉండిపోతే చార్ట్ తయారయ్యాక దానంతటదే రద్దయి డబ్బులు వెనక్కి వస్తాయి, కానీ మీరు మాత్రం సికింద్రాబాద్‌లోనే ఉంటారు. తత్కాల్ ముందు రోజు తెరుస్తారు, ఏసీకి 10 గంటలకు, స్లీపర్‌కు 11కి. ఖాతాకు ఆధార్ జోడించి పెట్టుకోండి, లేకపోతే ఆన్‌లైన్లో తత్కాల్ దొరకదు. ఏటా సంక్రాంతికి స్పెషల్ రైళ్లు కూడా వేస్తారు, వాటిమీద కన్నేసి ఉంచండి.

ఇంకోటి, శనివారం ఎక్కి ఆదివారం దిగుతారు. సోమవారం జూకు సెలవు. ఆదివారం జూలో పులి కంటే జనమే ఎక్కువ కనబడతారు. మంగళవారం పొద్దున పెట్టుకోండి.

అత్తగారు రాలేకపోతే ఆమె బెర్త్ వృథా కానక్కర్లేదు. కన్ఫర్మ్ టికెట్‌ను కుటుంబంలో వాళ్ల పేరుకు మార్పించుకోవచ్చు. రైలు బయల్దేరే 24 గంటల ముందే రిజర్వేషన్ ఆఫీసులో ఇవ్వాలి, బంధుత్వం చూపించే కాగితం కావాలి. భర్త, పిల్లలు, అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు, తల్లిదండ్రులు అయితే సరే. కోడలికి కుదరదు.

మూలాపేట_బాబాయ్
ఇందాకటి నుంచి చదువుతున్నా, ఒక మనిషి కనబడటం లేదు. మామగారు ఉన్నారా, లేరా? నలుగురంటే మీరిద్దరూ, బాబూ, అత్తగారు. ఆయన సంగతేంటమ్మా?

వేదాయపాళెం_కోడలు
ఉన్నారు బాబాయ్, నిక్షేపంగా ఉన్నారు. ఆర్టీసీలో కంట్రోలర్‌గా చేసి రిటైరయ్యారు. బస్టాండులో బతికిన మనిషి రైలెక్కితే పరువు పోతుందట, అందుకే హైదరాబాద్ రానన్నారు. పొద్దున పేపరు, సాయంత్రం ఫ్రెండ్స్‌తో అరుగు. వంటింట్లోకి రారు. టీ కూడా అత్తమ్మే పెట్టివ్వాలి.

మూలాపేట_బాబాయ్
అదే చెప్పేది. మనిషి ఉన్నాడు, పని అప్పజెప్పలేదు. కంట్రోలర్ అంటే డిపోలో బస్సు అయిదు నిమిషాలు ఆలస్యమైతే డ్రైవర్‌ను నిలబెట్టి అడిగే మనిషి. కంటి చుక్కలకు అంతకంటే తగిన మనిషి ఎక్కడ దొరుకుతాడు? టైముల పట్టిక రాసి చేతికివ్వు.

కావలి_కుర్రోడు
"ఎనిమిది గంటల చుక్కలు ప్లాట్‌ఫారం నంబరు రెండు మీదకు వచ్చుచున్నవి."

స్టోన్‌హౌస్‌పేట_శిరీష
నవ్వలేక చచ్చా. కానీ బాబాయ్, వ్యాను దగ్గర నిలబడటం, చుక్కలేయడం వరకు సరే. అన్నం ఎవరు వండుతారు? చివరికి అదంతా మళ్లీ కోడలి నెత్తినే కదా.

చేపల_పులుసు_ఫ్యాన్
కర్రీ పాయింట్లు ఎందుకున్నాయండీ? ఇంట్లో కుక్కర్ పెట్టుకుంటే చాలు, కూర, పప్పు, రసం బయట నుంచి. ఆ నాలుగు రోజులకు ఎవరూ ఏమీ అనుకోరు. చేపల పులుసు మాత్రం బయటది తేకండి, నెల్లూరు పరువు.

వేదాయపాళెం_కోడలు
కర్రీ పాయింట్ కూర మావాడు తింటాడు. మామయ్య తినరు. అదొక పెద్ద కథ.

కనిగిరి_సుజాత
నాదొక మాట. మా నాన్నకు కిడ్నీలు పాడై డయాలసిస్ మొదలై చాలాకాలమైంది. సోమ, బుధ, శుక్రవారాలు. మా పిల్లల సెలవులన్నీ ఆ మూడు రోజుల మధ్య ఖాళీల్లోనే. మొదట్లో ఏడుపొచ్చేది. తర్వాత ఆదివారం కొత్తపట్నం బీచ్, మంగళవారం అద్దంకిలో పెద్దమ్మ ఇల్లు, అట్లా ముక్కలు ముక్కలుగా అలవాటు చేసుకున్నాం. పోయిన వేసవిలో మాత్రం నాన్నను కూడా తీసుకుని విజయవాడ వెళ్లాం. అక్కడి సెంటరుకు ముందే ఫోన్ చేసి, రిపోర్టులు, హెపటైటిస్, హెచ్‌ఐవీ పరీక్షల కాగితాలు పంపితే స్లాటు ఇచ్చారు. ఇక్కడ పడుకోబెట్టినట్టే అక్కడా పడుకోబెట్టారు. పిల్లలు ఆ నాలుగు గంటలూ వాళ్ల మావయ్యతో ప్రకాశం బ్యారేజీ మీద తిరిగొచ్చారు.

మీ సంగతిలో నాకు అర్థం కానిది ఒకటే. 8వ తేదీ అని ఎవరు నిర్ణయించారు? అత్తగారా, ఆసుపత్రా, మీ ఆయనా?

వేదాయపాళెం_కోడలు
కౌంటర్లో అమ్మాయి ఉన్న ఖాళీ చూసి ఇచ్చింది. మేం సరేనన్నాం.

కనిగిరి_సుజాత
అయితే మార్చుకోవచ్చు. ముందు ఆమెను అడగండి.

కంటివార్డు_సిస్టర్
సుజాత గారు సరిగ్గా పట్టుకున్నారు. నేనొకటి కలుపుతాను. పండగ తర్వాతకు జరపడం అందరికీ తేలిగ్గా తోస్తుంది, కానీ మా వార్డులో ప్రతి జనవరి ఆఖర్లో చూసేది ఇదే. అరిసెలు, చక్కెర పొంగలి, బూరెలు తిని వస్తారు, షుగర్ ఎక్కడో ఉంటుంది, ఫిట్‌నెస్ ఇవ్వరు, డేట్ ఫిబ్రవరికి పోతుంది. ఫిబ్రవరిలో ఇంట్లో పెళ్లంటారు. అట్లా వేసవి వచ్చేస్తుంది. ఈలోగా శుక్లం ఇంకా ముదిరితే కంట్లో ప్రెషర్ పెరగొచ్చు, ఆపరేషన్ కూడా కష్టమవుతుంది. మీకు "బాగా ముదిరింది" అన్నారు కాబట్టి ఎన్నాళ్లు ఆగొచ్చో డాక్టర్‌నే సూటిగా అడగండి.

షుగర్ ఎక్కువుంటే ఎందుకు ఆపుతారంటే ఇన్ఫెక్షన్ భయం, గాయం మానడం ఆలస్యం. 260 అంటే ఫిజీషియన్‌కు చూపించి మందులు సరిచేయించండి. వీలైతే డిసెంబరులోనే చేయించండి.

పొదిలి_పెద్దాయన
ధనుర్మాసంలో కత్తి పెట్టించుకోకూడదంటారు.

కంటివార్డు_సిస్టర్
ధనుర్మాసంలో మా వార్డు ఖాళీగా ఉండదు పెద్దాయన గారూ. మీ పొదిలి నుంచి కూడా వస్తారు.

ఒంగోలు_గిత్త
డబ్బు సంగతి ఎవరూ ఎత్తలేదు. ఇన్సూరెన్స్ ఉంటే పాలసీ కాగితం తిరగేయండి. చాలా పాలసీల్లో శుక్లాలకు రెండేళ్ల వెయిటింగ్ పీరియడ్ ఉంటుంది, ఒక్కో కంటికి ఇంత అని పరిమితి కూడా పెడతారు. మా అమ్మకు పాలసీ తీసుకుని ఏడాదిన్నర. "అంతా కవర్ అవుతుంది" అన్న ఏజెంటు ఆ తర్వాత ఫోన్ ఎత్తలేదు. ప్రభుత్వాసుపత్రుల్లో శుక్లాల ఆపరేషన్ ఉచితంగానే చేస్తారు, చివరికి అక్కడే చేయించాం. చూపు బాగుంది. ఇప్పుడు నా షర్టు మీద మరకలన్నీ కనబడుతున్నాయి ఆమెకు, అదొక్కటే ఇబ్బంది.

సూళ్లూరుపేట_కొంగ
తెల్లపులి కోసం అంతదూరం ఎందుకండీ, మా వైపు రండి. ఈ సీజన్లో నేలపట్టులో గూడబాతులు గూళ్లు పెట్టి పిల్లల్ని సాకుతుంటాయి. హైవే మీద నెల్లూరు నుంచి పొద్దున బయల్దేరితే మధ్యాహ్నం భోజనానికి ఇల్లు చేరొచ్చు. చెరువులో కడప చెట్ల మీద తెల్లగా సున్నం వేసినట్టు ఉంటుంది, అదంతా రెట్ట. ఆ నీళ్లు పారితే పొలానికి వేరే ఎరువక్కర్లేదని మా ఊళ్లవాళ్ల నమ్మకం, అందుకే పక్షుల్ని ఎవరూ ఏమీ అనరు. పక్కనే పులికాట్‌లో ఫ్లెమింగోలు. బైనాక్యులర్ ఒకటి తెచ్చుకోండి, పిల్లాడు వదలడు.

స్టోన్‌హౌస్‌పేట_శిరీష
తెల్లపులి చూపిస్తామని చెప్పి పక్షి రెట్ట చూపిస్తే ఆ పిల్లాడు ఊరుకుంటాడా?

సూళ్లూరుపేట_కొంగ
మావాడు ఊరుకున్నాడండీ. తల్లి గూడబాతు నోరు తెరిస్తే పిల్ల తల మొత్తం లోపల పెట్టి చేపలు తింటుంది. అది చూసి రెండు రోజులు అన్నం అట్లాగే తింటానని గోల.

షిఫ్టు_సుబ్బు
శిరీష గారు చెప్పింది నిజం. పిల్లలకు మాటిస్తే అది ప్రామిసరీ నోటు. వడ్డీతో అడుగుతారు.

మార్కాపురం_పలక
బాబు పిల్లికూతల గురించి ఎవరూ మాట్లాడలేదు. మా పాపకూ అదే. ఇన్‌హేలర్ వాడితే అలవాటైపోతుందని మా అత్తగారు భయపెడితే ఆపేశాం. అలవాటు పడతారా నిజంగా?

కంటివార్డు_సిస్టర్
నాది కంటి వార్డే గానీ ఇది చెప్పగలను. అలవాటు పడరు. సిరప్ అయితే ఒళ్లంతా తిరిగి ఊపిరితిత్తులకు చేరాలి, ఇన్‌హేలర్ మందు కొద్ది మోతాదులో నేరుగా అక్కడికే వెళ్తుంది. చిన్నపిల్లలకు ఇన్‌హేలర్‌కు స్పేసర్ అనే గొట్టం, మాస్కు పెట్టి ఇవ్వాలి, లేకపోతే సగం మందు నోట్లోనే ఉండిపోతుంది. ఆయాసం వచ్చినప్పుడు వేసేది వేరు, రాకుండా రోజూ వేసేది వేరు. రోజూ వేసేదాంట్లో స్టెరాయిడ్ ఉంటుంది కాబట్టి వేశాక నోరు పుక్కిలించాలి. డాక్టర్ రాస్తే మీ అంతట మీరు ఆపొద్దు. పాపను ఒకసారి చూపించండి.

మార్కాపురం_పలక
ఈ వారమే చూపిస్తాను. థాంక్స్ సిస్టర్.

టీచరమ్మ_ఆత్మకూరు
కోడలు గారు ఎక్కడ? మనమంతా వాదించుకుంటుంటే ఆవిడ మాయమయ్యారు.

కావలి_కుర్రోడు
నవంబరు రిటర్నులు వేస్తున్నారేమో.

వేదాయపాళెం_కోడలు
ఉన్నాను. నిన్న రాత్రి అందరం భోజనాల దగ్గర కూర్చున్నప్పుడు కదిపాను. "అత్తమ్మా, ఆపరేషన్ మీకెప్పుడు వీలు?" అని అడిగితే ఆమె కాసేపు మాట్లాడలేదు. తర్వాత మెల్లగా చెప్పింది. ఏడాది నుంచీ చూపు మసకేనట. బియ్యంలో రాళ్లు వేళ్లతో తడిమి ఏరుతోందట. టీ గ్లాసులో పోసేటప్పుడు చప్పుడు విని ఆపుతుందట. నిండుతుంటే చప్పుడు సన్నబడుతుంది కదా, దాన్నిబట్టి. వ్యాను వచ్చేటప్పుడు మా బాబు కిటికీలోంచి "నానమ్మా" అని అరిస్తేనే అది మా వ్యాను అని తెలుస్తుందట. డాక్టరుకు చూపిస్తే ఆపరేషన్ అంటారు, పిల్లాణ్ణి ఎవరు చూస్తారు అని ఊరుకుందట. వాడు పెద్ద స్కూలుకు పోయాక చేయించుకుందామనుకుందట.

ఆయన అన్నం మీద నుంచి తలెత్తలేదు.

మామయ్య లేచి వెళ్లి పాత డైరీ తెచ్చుకున్నారు. "ఏ మందు, ఎన్ని గంటలకు, చెప్పు రాసుకుంటా" అన్నారు. ఇంకా ఆపరేషనే కాలేదు మామయ్యా అంటే, "షెడ్యూల్ ముందే వేసుకోవాలి" అని గీతలు కొట్టడం మొదలుపెట్టారు.

మూలాపేట_బాబాయ్
నేను చెప్పలా!

కనిగిరి_సుజాత
ఆ టీ చప్పుడు సంగతి చదివి కాసేపు ఫోన్ పక్కన పెట్టేశాను.

వేదాయపాళెం_కోడలు
ఈ రోజు ఆసుపత్రికి ఫోన్ చేశాం. డిసెంబరు 22న ఖాళీ ఉందన్నారు. ఫిజీషియన్ మాత్రలు మార్చారు, 19న మళ్లీ షుగర్ చూసి అప్పుడు ఖాయం చేస్తారు. ఆడబిడ్డకు చెబితే "వదినా, ముందే ఎందుకు చెప్పలేదు" అని నా మీదే కోప్పడి, వాళ్ల పాప క్రిస్మస్ సెలవులకు ఇక్కడికే వస్తానంది. అత్తమ్మ ఆమెకు అమ్మే కదా మరి, నాకే తట్టలేదు అనుకోండి, వాళ్లాయనకూ ఒకసారి చెప్పి ఒప్పించాలట. ఆ వారం ఈయనకు బి షిఫ్టు. పొద్దున ఈయన, మధ్యాహ్నం ఆడబిడ్డ, రాత్రి నేను. చుక్కలు మామయ్య.

జనవరి 10 ప్రయాణం సంగతే ఇంకా తేలలేదు. అప్పటికి ఆపరేషన్ అయి మూడు వారాలు కావస్తుంది, అయినా అత్తమ్మ ప్రయాణం వద్దంటోంది. తను ఇంట్లో ఉంటుందట, మీరు ముగ్గురూ వెళ్లి 13న వచ్చేయండి, 14న భోగిపళ్లు పోయాలి అంటోంది. మా ఇంట్లో అయిదేళ్ల దాకానే పోస్తారు, వాడికి ఇదే ఆఖరు. ఆమెను మామయ్య మీద వదిలి వెళ్లడానికి నాకు మనసొప్పడం లేదు.

ఒంగోలు_గిత్త
ఎందుకొప్పదు? తండ్రీ కొడుకులను పంపించి మీరు ఉండండి. "నీ ఇష్టం" గారికి కూడా పిల్లాణ్ణి ఒంటరిగా మూడు రోజులు చూసుకోవడం అంటే ఏంటో తెలుస్తుంది.

షిఫ్టు_సుబ్బు
అన్నా, మా జాతి పరువు మరీ అంత తీయకు. నేను మావాణ్ణి తిరుమలకు నడిపించి తీసుకెళ్లా.

స్టోన్‌హౌస్‌పేట_శిరీష
నడిచింది వాడా, మీ భుజాలా?

షిఫ్టు_సుబ్బు
గాలిగోపురం దాకా వాడే. తర్వాత నా భుజాలు.

పొదిలి_పెద్దాయన
భోగిపళ్లకు మాత్రం పిల్లాడు ఇంట్లో ఉండాలమ్మా. రైలు దొరక్కపోతే బస్సులో రండి. రేగుపళ్లు మా వైపు బాగున్నాయి ఈ ఏడాది.

కంటివార్డు_సిస్టర్
కోడలు గారూ, మీరు ఉన్నా వెళ్లినా జనవరి 10కి చుక్కలు తగ్గే దశలో ఉంటాయి, మామగారు చూసుకోగలరు. అరిసెలు వండటానికి మాత్రం ఆమెను పొయ్యి దగ్గర కూర్చోనివ్వకండి. కొనుక్కోండి. ఆమెకు పెట్టకండి.

వేదాయపాళెం_కోడలు
పెట్టకండి అనడం తేలిక సిస్టర్. అత్తమ్మ అరిసె ముక్క ఎక్కడ దాస్తుందో ఈ ఇంట్లో మావాడికి ఒక్కడికే తెలుసు, వాడు చెప్పడు.

సరే, తండ్రీ కొడుకులనే పంపిద్దామనుకుంటున్నా. నా టికెట్, అత్తమ్మ టికెట్ రద్దు చేస్తాం. రైలు గారూ, ఒక డౌటు. రాత్రి రైల్లో బాబుకు ఆయాసం వస్తే నెబ్యులైజర్ అక్కడున్న ప్లగ్గుకు పెట్టొచ్చా?

రైలు_పిచ్చి_గూడూరు
దాన్ని నమ్ముకోకండి. అవి ఫోన్ ఛార్జింగుకు పెట్టినవి, పైగా రాత్రి 11 నుంచి పొద్దున 5 దాకా కరెంటు ఆపేస్తారు. బ్యాటరీతో నడిచే చిన్న మెషిన్లు వస్తున్నాయి, అవి అయితే మేలు. లేదంటే సిస్టర్ చెప్పిన ఇన్‌హేలర్, స్పేసర్. కింద బెర్త్, కిటికీ అద్దం దించి ఉంచాలి. తెల్లవారుజామున చలిగాలి ఈడ్చి కొడుతుంది. వరంగల్ మీదుగా పోయేటప్పుడు నేను స్వెట్టర్ వేసుకుంటా.

కంటివార్డు_సిస్టర్
ఇన్‌హేలర్, స్పేసర్ సూట్‌కేసులో పెట్టొద్దు, భుజాన వేసుకునే సంచిలో ఉండాలి. బెర్త్ కింద సామాన్లన్నీ లాగేటప్పటికి పిల్లాడు భయపడిపోతాడు. వెళ్లే ముందు డాక్టర్‌తో ఎన్ని పఫ్‌లు, ఎంతసేపటికి అని కాగితం మీద రాయించుకోండి, ఆయన చేతికివ్వండి.

వేదాయపాళెం_కోడలు
ఆయనకు ఇప్పుడే వాట్సాప్‌లో పెట్టాను. "నీ ఇష్టం" అని రాలేదు. "స్పేసర్ అంటే ఏది, ఆ ప్లాస్టిక్ గొట్టమేనా" అని వచ్చింది.

కావలి_కుర్రోడు
పరవాలేదు, మనిషి దారిలో పడుతున్నాడు. అక్కా, 19న షుగర్ ఎంత వచ్చిందో ఇక్కడే చెప్పండి.